అంబాసిడర్‌కు ఫైబర్ తొడుగు.. కప్పే చోట సరే, మోసే చోట ముప్పే!

అనంతపురం: ఒకప్పుడు హోదాకు చిహ్నంగా నిలిచిన అంబాసిడర్ కారు తయారీ 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో ఆగిపోయింది. నాటి నుంచి మడ్‌గార్డు కావాలన్నా, బానెట్ కావాలన్నా పాత బండ్ల నుంచి విప్పినవో, విడిగా తయారు చేసి అమ్మేవో తప్ప గత్యంతరం లేదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కర్మాగారం ముందు నుంచే సాగిపోయే పాత అంబాసిడర్‌కు మాత్రం మంచి రేకు దొరకడం గగనమవుతోంది. ఈ కొరత వల్లనే ఫైబర్ గ్లాస్ భాగాల వైపు యజమానుల చూపు మళ్లుతోంది. అవి తేలిక, తుప్పు పట్టవు, అచ్చు ఉంటే ఎన్నయినా పోయవచ్చు. ఇవన్నీ నిజాలే. అయితే ఏ రేకు స్థానంలో ఫైబర్‌ను బిగించవచ్చు, దేని జోలికి పోరాదు అన్న విచక్షణ లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

కరవు సీమలో తుప్పా?

ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ప్రాంతంలో కారుకు తుప్పు ఎలా పడుతుందన్న సందేహం సహజం. కారణం దుమ్మే. ఎర్రమట్టి బాటల మీద తిరిగే బండికి మడ్‌గార్డు లోపలి అంచుల్లో మట్టి గట్టిగా పేరుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలకు ఆ మట్టి నానితే పైకి కారు ఆరినట్లే కనిపించినా లోపల రోజుల తరబడి తడి నిలుస్తుంది. రేకు లోపలి నుంచి తినుకుంటూ వచ్చి, పైన రంగు పొంగినప్పుడు గానీ విషయం బయటపడదు. చెన్నై వంటి సముద్రతీర నగరాల నుంచి కొని తెచ్చుకున్న బండ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఏ రేకు ఏ పని చేస్తుంది?

అంబాసిడర్ మూలం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు. దీనికి జీపుకు ఉన్నట్లు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద సాగే పెట్టె వంటి పట్టీలు, పైకప్పును నిలిపే స్తంభాలు అన్నీ కలిసి బరువును మోస్తాయి. వీటిలో తుప్పు పట్టిన భాగాన్ని కోసి, ఉక్కు రేకునే వెల్డింగ్ చేయించాలి. రంధ్రం మీద ఫైబర్ గుడ్డ పరచి, రెసిన్ పూసి, పుట్టీతో నున్నగా మెత్తించడం మరమ్మతు కాదు, మోసం. ఆ పొర కింద తుప్పు యథావిధిగా సాగుతూనే ఉంటుంది. ఏదో ఒకనాడు గుంతలో చక్రం పడినప్పుడు బండి నడుమ వంగుతుంది.

ముందు మడ్‌గార్డులు, బానెట్, డిక్కీ మూత సంగతి వేరు. ఇవి బోల్టులతోనో, కీళ్లతోనో వేలాడుతూ ప్రధానంగా కప్పే పని చేస్తాయి. ఫైబర్‌కు తగిన చోట్లు ఇవే. వెనుక భాగంలో ఏది బోల్టుతో ఉన్నదో, ఏది వెల్డింగ్‌తో కలిసిపోయిందో విప్పి చూసిన తరువాతే నిర్ణయానికి రావాలి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడిగా ఛాసిస్ ఉంది. బానెట్, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. అటువంటి బండికి ఈ మార్పిడి కొంత సులువు.

కార్లలో ఫైబర్ వాడకం కొత్తదేమీ కాదు. అమెరికాలో 1953లోనే షెవర్లే కార్వెట్ కారు పూర్తి ఫైబర్ బాడీతో వచ్చింది. మనకు పొరుగున బెంగళూరులో సిపానీ సంస్థ 1980 దశకంలో డాల్ఫిన్ అనే చిన్న కారును ఫైబర్ బాడీతోనే విక్రయించింది. అయితే వాటి రూపకల్పనే ఫైబర్‌ను దృష్టిలో ఉంచుకుని జరిగింది. ఉక్కు కోసం గీసిన బండికి ఫైబర్ తొడిగేటప్పుడే చిక్కులు ఎదురవుతాయి.

ఎండే అసలు పరీక్ష

వాటిలో మొదటిది వేడి. ఉక్కు కంటే ఫైబర్ రెట్టింపునకు పైగా వ్యాకోచిస్తుంది. తెల్లవారి చల్లదనానికీ, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి పైరేకు వేడికీ 45 డిగ్రీల వరకు తేడా ఉంటుందనుకుంటే, మీటరు పొడవున రెండింటి సాగుదలలో అర మిల్లీమీటరుకు పైగా వ్యత్యాసం వస్తుంది. చూడటానికి ఇది స్వల్పమే. బోల్టు రంధ్రాలు కచ్చితంగా సరిపోయేలా వేసి గట్టిగా బిగిస్తే మాత్రం ఒక వేసవిలోనే రంధ్రం చుట్టూ నక్షత్రం ఆకారంలో పగుళ్లు తేలుతాయి. కాబట్టి రంధ్రాలను కాస్త కోలగా సాగదీసి, రబ్బరు ముక్క, దానిపై వెడల్పాటి వాషరు వేసి, బలవంతం లేకుండా బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి.

సాధారణ పాలిస్టర్ రెసిన్ సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడికే మెత్తబడటం మొదలవుతుంది. మన మే నెల ఎండలో నల్ల బానెట్ ఈ వేడిని సులువుగా అందుకుంటుంది, కింద ఇంజిన్ సెగ ఎటూ ఉంటుంది. అందుకే బానెట్‌కు అధిక వేడిని తట్టుకునే రకం రెసిన్, లోపలి వైపు అడ్డపట్టీలు, అల్యూమినియం పూత ఉన్న వేడి నిరోధక పొర అవసరం. తెలుపు వంటి లేత రంగు వేయించుకుంటే మరీ మంచిది. కీళ్లు, గొళ్లెం బిగించే చోట్ల ఫైబర్ పొరల మధ్య ఉక్కు పలక పెట్టించాలి. లేకుంటే రహదారిపై వేగంలో గాలి లాగినప్పుడు గొళ్లెం ఊడి, బానెట్ ముందు అద్దం మీదికి లేచే ప్రమాదం ఉంది.

అచ్చు పోసే పని కూడా వేసవిలో ఉదయాన్నే, నీడలోనే సాగాలి. వేడి పెరిగే కొద్దీ రెసిన్ తొందరగా గడ్డకడుతుంది. గిన్నెలో కలిపినది బ్రష్షుకు అందకుండానే రాయి అవుతుంది. ఇక్కడొక హెచ్చరిక. రెసిన్‌ను త్వరపరిచే కోబాల్ట్ ద్రావణాన్నీ, హార్డెనర్‌నూ నేరుగా ఒకదానిలో మరొకటి కలిపితే పేలుడు జరుగుతుంది. ముందు ఒకదానిని రెసిన్‌లో బాగా కలిపిన తరువాతే రెండోది వేయాలి. సానపట్టేటప్పుడు లేచే గాజు పొడి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు, సరైన మాస్కు ఉండాలి. గ్యారేజీలలో ఈ పని ఎక్కువగా కుర్రాళ్ల చేతుల మీదుగానే సాగుతుంది కనుక యజమానులు ఈ విషయంలో ఉదాసీనంగా ఉండరాదు.

బిగించే రోజు తరచూ ఎదురయ్యే ఫిర్యాదు, దీపం వెలగడం లేదని. ఉక్కు మడ్‌గార్డే హెడ్‌లైటుకు ఎర్త్ దారిగా పనిచేస్తుంది. ఫైబర్‌లో విద్యుత్తు ప్రవహించదు. కాబట్టి హెడ్‌లైటు నుంచి బాడీ ఉక్కు వరకు విడిగా తీగ వేయాలి. రంగుకు ముందే భాగాన్ని ఊరికే తగిలించి, తలుపు, బానెట్ మూసి సందులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. అచ్చు నుంచి అంటుకున్న మైనాన్ని పూర్తిగా తుడిచి, ఎమరీ పేపరు పట్టకపోతే రంగు పొరలు పొరలుగా లేస్తుంది. ఇక ప్రమాదం జరిగితే ఉక్కు రేకు సొట్టపడుతుంది, ఫైబర్ పదునైన ముక్కలుగా పగులుతుంది. ఈ తేడాను ముందే తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. అదే ఆకారంలో మడ్‌గార్డు మార్చడం వేరు, బాడీ రూపం మార్చడం వేరు. అయినా పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో, బీమా సంస్థ వద్ద విచారించుకోవడం శ్రేయస్కరం.

యాభై ఏళ్లు దాటిన బండి ఉన్నవారు మరింత ఆలోచించాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం అటువంటి కార్లకు వింటేజ్ నమోదు లభిస్తుంది. రుసుము రూ.20 వేలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్లలో మార్పులతో కూడిన భారీ మరమ్మతులు జరగకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. నేల రేకును ఫైబర్‌తో మార్చిన బండి ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. బోల్టుతో ఊడే మడ్‌గార్డును మళ్లీ ఉక్కుకు మార్చుకునే వీలైనా ఉంటుంది. కాబట్టి విప్పిన పాత రేకును ఎంత తుప్పు పట్టినదైనా తూకానికి అమ్మేయకుండా, మట్టి దులిపి, నూనె పూసి అటక మీద దాచుకోవాలి. రేపు మరో ముక్క పోయాలన్నా అచ్చు తీయడానికి అదే ఆధారం.