తిథికొకటి, తేదీకొకటి

జగ్గయ్యపేట, నందిగామ వైపు ఊళ్లలో అరవై దాటిన పెద్దలు చాలామందికి పుట్టినరోజులు రెండు. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకున్న తిథి ఒకటి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు అంచనా వేసి రాసిన తేదీ ఇంకొకటి. జూన్, జులైల్లో పుట్టినవాళ్లు రికార్డుల్లో అంతమంది కనిపించడానికి కారణం ఇదే. పింఛనుకు పనికొచ్చేది ఆ తేదీయే.

చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులే. అందుకని తిథి ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి పోతుంది. సుమారు 19 ఏళ్లకోసారి తిథీ తేదీ ఒకచోట కలుస్తాయి.

తిథినాడు పొద్దున్నే నువ్వులనూనెతో తలంటు, పసుపు రాసిన కొత్తబట్టలు, పెద్దల అక్షింతలు, పరమాన్నం. ఆనవాయితీ తప్పని ఇళ్లలో మార్కండేయుణ్ణి, సప్త చిరంజీవులను తలుచుకుని, నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు అర దోసెడు తాగిస్తారు. వీలున్నవాళ్లు వేదాద్రి నరసింహస్వామినో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మనో దర్శించుకుంటారు.

సాయంత్రం కేకు మాత్రం జర్మన్ల సొత్తు. 1746లో జర్మన్ ప్రభువు కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ పుట్టినరోజుకు పెద్ద కేకు చేసి, వయసెంతో అన్ని రంధ్రాలు పెట్టి కొవ్వొత్తులు గుచ్చారని ఒక అతిథి రాసిపెట్టాడు. పిల్లలకైతే ఆయుష్షు కోసం ఒక కొవ్వొత్తి అదనంగా వెలిగించేవారు. కొవ్వొత్తుల్ని ఊది ఆర్పడమే మన పెద్దలకు గిట్టదు. దీపాన్ని కొండెక్కించడానికి నోటితో ఊదకూడదంటారు. అందుకే కొన్ని ఇళ్లలో ముందు దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ తర్వాతే కేకు కోస్తారు.

జర్మనీలో ముందురోజే శుభాకాంక్షలు చెబితే అరిష్టమంటారు. ఆఫీసుకు కేకు తెచ్చేది కూడా పుట్టినరోజు మనిషే. మన బళ్లో చాక్లెట్లు పంచే పిల్లాడి పద్ధతి అన్నమాట. బ్రెమెన్‌లో ముప్ఫై నిండినా పెళ్లికాని మగవాడి చేత చర్చి మెట్లు ఊడిపిస్తారు. మనవాళ్లైతే సంబంధాలు చూడడంతో సరిపెడతారు.

అసలు సంబరం అరవైకి. పుట్టిన తెలుగు సంవత్సరమే మళ్లీ వచ్చే ఏడు అది: 1966 ఉగాదితో మొదలైన పరాభవ, 2026లో తిరిగొచ్చింది. షష్టిపూర్తిలో దంపతులకు మళ్లీ పెళ్లి చేస్తారు, భర్త మరోసారి మంగళసూత్రం కడతాడు. సాయంత్రం అదే వేదిక మీద కేకూ ఉంటుంది. ఎనభై దాటితే సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములు రావడానికి 80 ఏళ్ల 10 నెలలు పడుతుంది.