బల్ల మీద రైలుబండి

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం మీదుగా గుంతకల్లు పోయే దారిలో ఒకప్పుడు మీటర్ గేజి బండి నడిచేది. పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు. 1990 దశకంలో ఆ దారిని 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజిగా మార్చారు. ఆ బండిని మీరు చూసి ఉండరు. మీ తాతగారు ఎక్కే ఉంటారు. దాన్ని మళ్ళీ మీ బల్ల మీద నడిపించగలమా?

నడిపించవచ్చు. నమూనా రైళ్ళ తయారీ ఎందరికో సరదా, కొందరికి వ్యాపారం కూడా. ఇంజను ఒకరు, పట్టాలు ఒకరు, సిగ్నళ్ళు మరొకరు తయారుచేస్తారు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1950లో మొదలైన బొమ్మల ప్రదర్శనలో వీటిని దుకాణదారులకు చూపిస్తారు.

ఒకరి ఇంజను మరొకరి పట్టాల మీద ఎలా నడుస్తుంది? కొలత ఒకటే కనుక! 1891లో మెర్క్లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో నిర్ణీత కొలతల పట్టాలతో, తాళం తిప్పితే నడిచే రైలును ప్రదర్శించింది. 1935లో అమెరికా ఔత్సాహికులు సంఘంగా ఏర్పడి, చక్రాలకూ పట్టాలకూ ప్రమాణాలు నిర్ణయించుకున్నారు.

నేడు బాగా వాడుకలో ఉన్న కొలత 'హెచ్.ఓ.'. అంటే అసలులో 87వ వంతు. యూరప్, అమెరికాలలో అధికంగా ఉన్న 1435 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగిస్తే 16.5 వస్తుంది. అంగళ్ళలో దొరికే పట్టాలు అవే. మన బ్రాడ్ గేజికి 19.3 కావాలి. అందుకే మన బండి నమూనాను 16.5 పట్టాల మీద నిలిపితే కాళ్ళు దగ్గరగా పెట్టుకొని నిలబడ్డట్టు ఉంటుంది. మరి మీటర్ గేజికో? 11.5 చాలు. స్విట్జర్లాండ్ కొండల్లో నడిచే మీటర్ గేజి రైళ్ళ నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు అమ్ముతున్నారు. మన పాత బండికి అవి దాదాపు సరిపోతాయి!

ఇక బరువు సంగతి. పొడవు 87వ వంతయితే బరువు కూడా 87వ వంతేనా? కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి. 87ను మూడుసార్లు గుణించండి: 6,58,503. సుమారు 113 టన్నుల డీజిల్ ఇంజను, అదే పదార్థంతో చేస్తే, 170 గ్రాములకు కాస్త పైన తూగుతుంది. అంత తేలికైతే చక్రాలకు పట్టు చాలదు, బోగీలను లాగబోతే జారతాయి. అందుకే తయారీదారులు లోపల లోహపు దిమ్మ పెడతారు.

మీరు ఏమీ కొననక్కర్లేదు. స్టేషను మాస్టరుగారి అనుమతితో, పట్టాల వైపు పోకుండా, మీ ఊరి స్టేషను గోడను టేపుతో కొలవండి. 87తో భాగించి అట్టముక్క కోయండి. 8.7 మీటర్ల గోడ 10 సెంటీమీటర్లవుతుంది. పక్కన మిర్చి టిక్కీలు పేర్చాలా? మీటరు పొడవు టిక్కీ చింతగింజంత అవుతుంది. పాత బండి రంగు ఏమిటో, ఎన్ని పెట్టెలుండేవో తాతగారిని అడిగి రాసుకోండి. ఆ వివరాలు ఏ అంగట్లోనూ దొరకవు.