విద్యార్థి థ్రిల్లర్ చిత్రం – యువ ప్రేక్షకుల ఆకర్షణ: ప్రరోచన దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తారలు, ధనం, పేరు లేని విద్యార్థి బృందం తీసే థ్రిల్లర్ చిత్రం యువ ప్రేక్షకులను తన వైపు ఎలా తిప్పుకోగలదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. బ్రిటన్‌లోని మీడియా స్టడీస్ పాఠ్యప్రణాళికలో ఈ ప్రశ్న రూపొందిన తీరును గమనించి, నాట్యశాస్త్రంలోని ప్రరోచన అనే భావన సాయంతో దానిని వివరించి, ‘ఫాలోయింగ్’, ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చిత్రాలను ఉదాహరణలుగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ప్రరోచన, థ్రిల్లర్, సామాజికుడు, ఔత్సుక్యం, విద్యార్థి చిత్రం, టైటిల్స్, ధారావాహిక.

1. ప్రశ్న పుట్టిన చోటు

బ్రిటన్‌లో ఓసీఆర్ పరీక్షామండలి 2008 నుంచి అమలు చేసిన ఏఎస్ మీడియా స్టడీస్ పాఠ్యప్రణాళికలో విద్యార్థులు స్వయంగా ఒక కొత్త కథాచిత్రానికి ప్రారంభభాగాన్ని, టైటిల్స్‌తో సహా, చిత్రీకరించవలసి ఉండేది. నిడివి రెండు నిమిషాలకు మించకూడదన్నది నిబంధనగా ఉండేది. దృశ్యమూ ధ్వనీ విద్యార్థుల సొంతమై ఉండవలసి వచ్చేది. హక్కుల చిక్కులు లేని సంగీతానికి, ధ్వనులకు మాత్రమే మినహాయింపు ఉండేది. మొత్తం 100 మార్కులలో ప్రణాళికకు 20, నిర్మాణానికి 60, ఆత్మవిమర్శకు 20. ఆత్మవిమర్శలో ఏడు ప్రశ్నలుండేవి. మీ ప్రేక్షకులెవరు అని అడిగిన వెంటనే, వారిని ఎలా ఆకర్షించారు లేదా ఎలా సంబోధించారు అని మరో ప్రశ్న అడిగేవారు.

ఈ అభ్యాసానికి విద్యార్థులు ఎక్కువగా ఎంచుకున్న ప్రక్రియలలో థ్రిల్లర్ ఒకటి. కారణం ఊహించడం కష్టం కాదు. హాస్యానికి నటనలో ఆరితేరినవారు కావాలి, చారిత్రక కథకు దుస్తులు కావాలి. థ్రిల్లర్‌కు చీకటిపడిన వీధి, ఒక తలుపు, అడుగుల చప్పుడు చాలు.

ఆకర్షించడం, సంబోధించడం అనే రెండు క్రియలను ప్రశ్నలో ఒక అడ్డగీత పక్కపక్కన నిలిపింది. విద్యార్థుల సమాధానాలలో చాలావరకు ఆ అడ్డగీతను దాటవు. తమ చిత్రం 15 నుంచి 25 ఏళ్లవారి కోసమని, దానికి బ్రిటిష్ సెన్సార్ సంస్థ ఇచ్చే ‘15’ ధ్రువపత్రం సరిపోతుందని, ముఖ్యపాత్ర యువకుడు గనుక యువకులు చూస్తారని రాయడం పరిపాటి. ఇది లక్ష్యప్రేక్షకుల వయసును చెబుతుందే గాని వారు ఎందుకు చూడాలో చెప్పదు. ఆ వయసువారి ముందు చూడదగినవి వేలల్లో ఉన్నాయి. పదహారు, పదిహేడేళ్ల బాలబాలికలు తీసిన రెండు నిమిషాలను వారు ఎందుకు చూడాలి?

2. ప్రరోచన: నాలుగు ఆలంబనలు

ప్రేక్షకుని రప్పించి, మనసును రాబోయే వస్తువు వైపు తిప్పే పనికి భారతీయ నాటకశాస్త్రంలో ఒక పేరుంది. భరతుడు పూర్వరంగ విధానంలో చివర ప్రరోచనను చెప్పాడు. భారతీవృత్తి అంగాలలోనూ దానిని పేర్కొన్నాడు. ధనంజయుని ‘దశరూపకం’ ప్రకారం ప్రశంస ద్వారా సామాజికులను ఉన్ముఖులను చేయడమే ప్రరోచన. ఉన్ముఖత అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. ముఖాన్ని ఇటు తిప్పించడమే ఈ పని. టికెట్టు అమ్మడం వేరు.

ఏమిటి ప్రశంసించాలి? శ్రీహర్షుని ‘రత్నావళి’ ప్రస్తావన దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో సూత్రధారుడు కవి నైపుణ్యాన్ని, సభ గుణగ్రహణశక్తిని, ఉదయనుని కథలోని హృద్యతను, నటుల సామర్థ్యాన్ని కలిపి చెబుతాడు. కవి, కథ, నటుడు, సామాజికుడు అనేవి నాలుగు ఆలంబనలు. నేటి వాణిజ్య చిత్రం చేసే ప్రచారమంతా మొదటి మూడింటిలోకి వస్తుంది. దర్శకుని పేరు, కథలోని కొత్తదనం, తార ముఖం వీటిని మించి పోస్టరు మీద ఏమి ఉంటుంది?

విద్యార్థి చిత్రానికి ఈ మూడూ అందవు. దర్శకుడు అనామకుడు. నటులు తోటి విద్యార్థులు. కథ సంగతి మరీ చిత్రమైనది: థ్రిల్లర్‌లో కథను ముందే పొగడాలంటే కొంత విప్పాలి, విప్పితే చూడడానికి మిగిలేది తక్కువ. అంటే ప్రక్రియే ఆ మూడో ఆలంబనను సగం కొట్టేస్తుంది. మిగిలినది నాలుగోది, సామాజికుడు. ‘నువ్వు తెలివైనవాడివి, దీన్ని నువ్వు విప్పగలవు’ అని అతనికి చెప్పడం తప్ప ఈ బృందానికి వేరే ప్రరోచన లేదు. పరీక్షాపత్రంలోని ‘సంబోధించడం’ అన్న రెండో క్రియకు అసలైన అర్థం ఇక్కడ దొరుకుతుంది.

3. మొదటి రెండు నిమిషాలు

హిచ్‌కాక్ ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణలలో బల్లకింది బాంబు ఉదాహరణను వివరించాడు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకునికి కొన్ని క్షణాల ఉలికిపాటు మాత్రమే దక్కుతుంది. బాంబు ఉన్నదని ప్రేక్షకునికి ముందే తెలిసి, మాట్లాడుకునేవారికి తెలియకపోతే, అదే సంభాషణ నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టిస్తుంది. సంచారిభావాల పరిభాషలో మొదటిది త్రాసం, రెండోది శంక, వితర్కం, ఔత్సుక్యం కలిసినది. విద్యార్థి చిత్రాలు త్రాసం వైపే మొగ్గుతాయి. హఠాత్తుగా ముసుగు మనిషి, హఠాత్తుగా అరుపు. ఇది తేలిక, దాని ఫలితమూ అంతే తేలిక. రెండు నిమిషాల తరువాత కూడా ప్రేక్షకుడు ఉండాలంటే వితర్కం మొదలుకావాలి.

డేవిడ్ ఫించర్ ‘సెవెన్’ (1995) చిత్రానికి కైల్ కూపర్ రూపొందించిన టైటిల్స్‌ను విద్యార్థులు విరివిగా అనుకరించారు. అందులో ముఖం కనబడదు, చేతులు కనబడతాయి. వేలికొనల చర్మాన్ని బ్లేడుతో తీసుకునే చేతులు, పుస్తకాలు కుట్టే చేతులు. ఈ పని ఎవరిది, ఎందుకు అన్న వితర్కం కథ మొదలవకముందే మొదలవుతుంది. చేతులకు నటన రానక్కరలేదు, గదంతా వెలిగించనక్కరలేదు, బల్ల మూల చాలు. పేద చిత్రానికి ఇది వరం. కాని అనుకరణలో ఒక తేడా వచ్చింది. మూలంలోని చేతులు ఏదో ఒక పని పూర్తి చేస్తున్నాయి. అనుకరణలలోని చేతులు చాలాసార్లు ఫొటోలను, కత్తులను ఊరికే తడుముతాయి. పని లేని చోట ప్రశ్న పుట్టదు.

ధ్వని విషయంలో మాత్రం పరీక్షామండలి నిబంధనే విద్యార్థికి మేలు చేసింది. పేరున్న పాటను వాడే వీలు లేదు గనుక తాళం తిరిగే చప్పుడును, గొళ్లెం శబ్దాన్ని వారే రికార్డు చేసుకోవలసి వచ్చింది.

వయసు గురించి ఒక మాట. తండ్రి కోటు తొడుక్కున్న పదిహేడేళ్ల డిటెక్టివ్‌ను ఏ యువ ప్రేక్షకుడూ నమ్మడు, అతని స్నేహితులు అసలే నమ్మరు. ఉన్న వయసును దాచే కథ కన్నా ఆ వయసుకే జరగగల కథ మేలు. కింది రెండు చిత్రాలూ ఆ పనే చేశాయి.

4. ‘ఫాలోయింగ్’: చిక్కుముడిగా సంబోధన

క్రిస్టఫర్ నోలన్ లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఆంగ్లసాహిత్యం చదివాడు. అక్కడి విద్యార్థి చలనచిత్ర సంఘంలో సినిమా నేర్చుకున్నాడు. ఆ పరిచయాలతోనే 1998లో ‘ఫాలోయింగ్’ తీశాడు. అందరికీ ఉద్యోగాలున్నందువల్ల ఏడాదిపాటు వారాంతాలలోనే చిత్రీకరణ సాగింది. 16 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్ము ఖరీదైనది గనుక ఒకటి రెండు టేకులలో ముగిసేలా సన్నివేశాలను ముందే సాధన చేశారు. కాంతి చాలావరకు ఇళ్లలో సహజంగా ఉన్నదే. ఖర్చు సుమారు 3,000 పౌండ్లుగా ప్రసిద్ధం. నిడివి 70 నిమిషాలలోపే.

రచయిత కావాలనుకునే నిరుద్యోగ యువకుడు వీధిలో అపరిచితులను వెంబడించడం ఇతివృత్తం. పేదరికం ఇక్కడ కథలోనే ఇమిడింది: ఖాళీ గది, పగటి వీధి, చేసేందుకు పనిలేని యువకుడు. అసలు ఆకర్షణ కథనక్రమంలో ఉంది. కాలక్రమాన్ని ముక్కలు చేసి కలిపారు. ఏ ముక్క ఎప్పటిదో తెలియడానికి ప్రేక్షకునికి ఉన్న ఆధారం నాయకుని రూపమే. మాసిన జుట్టుతో ఉన్నాడా, కత్తిరించుకొని సూటు వేశాడా, దెబ్బలు తిన్న ముఖంతో ఉన్నాడా అన్నది గమనించినవాడికి కథ అందుతుంది. కథను విప్పకుండానే ప్రేక్షకుని తెలివిని గౌరవించిన ప్రరోచన ఇది. అయితే దీని పరిధి చిన్నది. ఇది లోపలికి వచ్చినవాడిని కదలనివ్వదు. బయట ఉన్నవాడిని పిలవదు.

5. ‘బ్లెయిర్ విచ్’: పరిశోధకుడైన ప్రేక్షకుడు

బయట ఉన్నవాడిని పిలవడంలో డేనియల్ మిరిక్, ఎడ్వర్డో సాంచెజ్ అనుసరించిన దారి వేరు. వీరిద్దరూ యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడాలో సినిమా చదివిన సహాధ్యాయులు. చదువు ముగిసిన కొద్ది ఏళ్లకు, 1997 అక్టోబరులో, మేరీలాండ్ అడవులలో ఎనిమిది రోజులు చిత్రీకరణ జరిపారు. కెమెరాలు నటుల చేతికే ఇచ్చారు. ఏ రోజుకారోజు సూచనలు చీటీలుగా అందేవి. సుమారు ఇరవై గంటల దృశ్యాలను కుదించి గంటన్నర లోపు చిత్రంగా కూర్చారు. 1994లో డాక్యుమెంటరీ తీయడానికి బర్కిట్స్‌విల్ దగ్గరి అడవిలోకి వెళ్లిన ముగ్గురు సినిమా విద్యార్థులు అదృశ్యమయ్యారని, ఏడాది తరువాత వారి ఫిల్ము దొరికిందని కథ. ఊగిపోయే కెమెరా, వణికే గొంతు, చీకటి: విద్యార్థి చిత్రంలో లోపాలనిపించేవే ఇక్కడ సాక్ష్యాలయ్యాయి. భయానకమూ థ్రిల్లరూ కలిసిపోయిన చోటు ఇది.

1998లోనే ప్రారంభమైన వెబ్‌సైటులో పురాగాథ కాలక్రమం, పోలీసు ఫొటోలు, తప్పిపోయినవారి వివరాలు పెట్టారు. సినిమా చూడమని అడగడం కన్నా ఒక కేసును అప్పగించడమే ఎక్కువ. 1999 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో అదృశ్యమైనవారి కరపత్రాలు పంచారు. ఆర్టిజాన్ సంస్థ సుమారు 11 లక్షల డాలర్లకు చిత్రాన్ని కొన్నది. జూలై 14న అమెరికాలో 27 థియేటర్లలోనే విడుదల చేసి, నెలాఖరుకు దేశమంతా విస్తరించారు. ప్రపంచవ్యాప్త వసూళ్లు సుమారు 24.8 కోట్ల డాలర్లు. అప్పుడప్పుడే ఇంటర్నెట్ అలవాటవుతున్న కళాశాల వయసువారు కరపత్రానికీ వెబ్‌సైటుకూ మధ్య తిరుగుతూ తామే పరిశోధకులయ్యారు. నాలుగో ఆలంబన ఇంత బలంగా పనిచేసిన సందర్భాలు అరుదు.

దీని మూల్యం నటులు చెల్లించారు. పాత్రలకు వారి సొంత పేర్లే పెట్టారు. నటులు మరణించి ఉండవచ్చన్న భ్రమ నిలవాలి గనుక విడుదల సమయంలో వారిని కొంతకాలం ప్రచారానికి దూరంగా ఉంచారు. చిత్రం విజయవంతమైన వేళ నటునికి దక్కవలసిన ముఖపరిచయం వారికి ఆలస్యంగా అందింది. 2024లో ఆ ముగ్గురూ తమకు న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలని బహిరంగంగా కోరారు. ప్రరోచనలో నటప్రశంస ఉండడం అలంకారం కోసమే కాదని దీనివల్ల తెలుస్తుంది. విద్యార్థి బృందంలో నటులు సాధారణంగా స్నేహితులే. వారి అసలు పేర్లను, సోషల్ మీడియా ఖాతాలను ‘అదృశ్యం’ కథకు వాడాలనుకున్నప్పుడు అధ్యాపకుడు అడ్డుచెప్పడం సమంజసమే. ఇప్పుడు అలాంటి వార్త గంటలో ఊరు దాటుతుంది, దిద్దుబాటు దానిని అందుకోదు.

6. తెలుగు సందర్భం, తరగతి గది

తెలుగు పాఠకునికి ఈ ఉన్ముఖీకరణ కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను, యండమూరి వీరేంద్రనాథ్ ధారావాహికలను చదివిన తరం ‘సశేషం’ అన్న మాటకు పైనున్న చివరి వాక్యం కోసం వారమంతా ఎదురుచూసింది. ఆ వాక్యం సాధారణంగా ఒక ప్రశ్నను సగం చెప్పి ఆపేది. రెండు నిమిషాల ప్రారంభభాగానికి దగ్గరి చుట్టం ట్రైలర్ కన్నా ఈ ధారావాహిక ప్రకరణమే. తెలుగు శాఖలలో లఘుచిత్రాన్ని అభ్యాసంగా ఇచ్చేవారు ప్రకరణాంతాలను పాఠంగా పెట్టడం వల్ల ప్రయోజనం ఉంటుంది.

వయోవర్గం గురించి కూడా విద్యార్థి ఆలోచించాలి. సినిమాటోగ్రాఫ్ (సవరణ) చట్టం, 2023 యూఏ వర్గాన్ని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విభజించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులను ఉద్దేశించిన థ్రిల్లర్ చివరి దానికి సరిపోతుంది. అయితే రక్తం పాలు పెంచితే ‘ఏ’ పత్రం వైపు జరిగి, ఎవరి కోసం తీశారో వారికే థియేటరులో ప్రవేశం లేకుండా పోతుంది.

మూల్యాంకనంలో లక్ష్యప్రేక్షకుల వయసు రాయించడం కన్నా ఒక చిన్న పరీక్ష ఉపయోగకరం. చిత్రంతో సంబంధం లేని మరో తరగతి విద్యార్థులకు ప్రారంభభాగం చూపి, రెండో నిమిషం దగ్గర ఆపి, ఇప్పుడు ఏమి తెలుసుకోవాలని ఉందో ఒక్క వాక్యంలో రాసివ్వమనాలి. కాగితాలు ఖాళీగా వస్తే ఔత్సుక్యం పుట్టలేదు. ‘ఏం జరుగుతోంది’ అని వస్తే అది వితర్కం కాదు, అయోమయం. కూర్పులో ఏదో ఆధారం తప్పిపోయింది. ‘ఆ ఉత్తరం ఆమె ఎందుకు తగలబెట్టింది’ వంటి నిర్దిష్టమైన ప్రశ్నలు ఒకదానికొకటి దగ్గరగా వస్తే, బృందం ఆ కాగితాలనే తమ ఆత్మవిమర్శకు జతపరచవచ్చు.