గట్టిపడ్డ కుంచెకు మళ్లీ ప్రాణం

రండర్రా, ఇలా వచ్చి కూర్చోండి. పండక్కి రంగులేసిన కుంచెలు బిగుసుకుపోయాయని చెత్తబుట్టలో పడేశారట. తీసుకురండి, బాగుచేసుకుందాం. ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. రంగులన్నీ ఒకేలా ఆరవు. ఏది ఎలా ఆరిందో తెలిస్తే, దేంతో వదులుతుందో కూడా తెలుస్తుంది.

అన్నిటికన్నా తేలిక లక్క పాలిష్. లక్క పురుగులు కొమ్మల మీద స్రవించే జిగురును స్పిరిట్‌లో కరిగించి వడ్రంగులు చెక్కకు పూస్తారు. స్పిరిట్ ఆవిరైపోతుంది, లక్క మిగిలిపోతుంది. అంతే, ఇంకే మార్పూ జరగదు. అందుకే గట్టిపడిన కుంచెను మళ్లీ స్పిరిట్‌లో ముంచితే కరిగిపోతుంది.

గోడలకు వేసే ఎమల్షన్ సంగతి వేరు. అందులో కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ అవి దగ్గరికి జరిగి, ఒకదానికొకటి అతుక్కుని ఒకే పొర అవుతాయి. ఇక ఎన్ని నీళ్లు పోసినా విడిపోవు. అందుకే తడి ఆరకముందే సబ్బునీళ్లతో కడగాలి. ఆరిపోతే సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక పాత దువ్వెనతో దువ్వాలి.

తలుపులకూ కిటికీలకూ వేసే ఎనామిల్ మహా మొండిది. అందులో ఆరే గుణమున్న నూనె ఉంటుంది. అవిసె నూనె అలాంటిదే. దాన్ని గాజుపలక మీద పల్చగా పూసి తూచి చూడండి, ఆరేకొద్దీ బరువు పెరుగుతుంది! గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుని, నూనె అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుపోతాయి. తోడుకున్న పెరుగు మళ్లీ పాలు కానట్టే, ఈ పొర మళ్లీ నూనె కాదు. తడిగా ఉన్నప్పుడైతే టర్పెంటైన్‌కే వదులుతుంది. ఎండిపోతే ఘాటైన ఎన్.సి. థిన్నర్ కావాలి. అదీ పొరను కరిగించదు, ఉబ్బిస్తుంది. ఉబ్బిన పొర వెంట్రుకలను వదిలేస్తుంది.

ఈ కుంచె వెంట్రుకలను బొటనవేలితో విడదీసి, రేకు పట్టీలోకి దూరేచోట చూడండి. గట్టి పెచ్చు కనబడుతోందా? కుంచె చీపురులా విచ్చుకుపోయేది దానివల్లే. కాబట్టి దువ్వెన అక్కణ్ణుంచి మొదలుపెట్టి కొసలదాకా లాగాలి.

పంది వెంట్రుకల కుంచెలో ప్రతి వెంట్రుక కొసా చీలి ఉంటుంది. రంగును పట్టి ఉంచేది ఆ చీలికలే, అందుకే కొసలు కత్తిరించకండి. మన జుట్టులాగే అదీ కెరాటిన్. మరిగే నీళ్లలో వేసినా, చాకలి సోడాలో నానబెట్టినా పాడైపోతుంది.

థిన్నర్ పని మాత్రం పెద్దవాళ్లకే వదలండి. పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయాలి. వాడిన థిన్నర్‌ను మోరీలో పోయకుండా మూతపెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరినది మళ్లీ వాడుకోవచ్చు. నూనె రంగు తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయకండి. ఆక్సిజన్ కలిసేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో అది బయటికి పోలేక మంటే అంటుకోవచ్చు. విడివిడిగా ఆరబెట్టాలి.

చివరిగా సబ్బుతో కడిగి, నీళ్లలో ముంచి తీయండి. నీటి తలతన్యత వెంట్రుకలన్నిటినీ దగ్గరికి లాగేస్తుంది. ఆ ఆకారం చెదరకుండా కాగితం చుట్టి, తలకిందులుగా వేలాడదీయాలి.

సరే, ఏ కుంచెతో ఏ రంగు వేశారో డబ్బాల మీద చదివి రండి. ఆ తర్వాత ఏ సీసా మూత తీయాలో మీరే చెబుదురుగాని.