బండి బ్రేకు: ప్యాడ్లు మార్చితే చాలునా, డిస్కు కూడానా?

ఈవేళ పైరు సంగతి కాదు, పైరును బజారుకు చేర్చే బండి సంగతి చెప్పుకుందాము.

సబ్బవరం చుట్టుపట్ల ఊళ్లలో ఎడ్లబండి మీద అనకాపల్లికి బెల్లం దిమ్మలు తోలే రోజులు పోయాయి. ఇప్పుడు పికప్పు బండి. తెల్లవారుజామున వంకాయ, బెండకాయ వేసుకుని పెందుర్తి మీదుగా విశాఖపట్నం రైతుబజారుకు పోతుంది. తిరిగివచ్చేటప్పుడు ఎరువు బస్తాలు. అదే దారిన రేవు లారీలూ ఉంటాయి, సైకిళ్ల మీద బడికి పోయే పిల్లలూ ఉంటారు.

"బ్రేకు ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలండీ?" అని చాలామంది అడుగుతారు. ఒక్క లెక్క అందరికీ సరిపోదు. బరువు రెట్టింపయితే ఆపడానికి పుట్టే వేడి రెట్టింపు; వేగం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. ఖాళీగా తిరిగే బండికీ, పాడేరు ఘాటీ మీదనుంచి పసుపు బస్తాలు దింపే బండికీ ఒకే లెక్క ఎట్లా కుదురుతుంది? కావున కిలోమీటర్లు కాదు, మందం చూడాలి.

పికప్పు బండ్లకు సాధారణంగా ముందు చక్రాలకు డిస్కు, వెనక చక్రాలకు డ్రమ్ము ఉంటాయి. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం. పెడలు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. నాగలికి కర్రు ఎట్లాంటిదో డిస్కుకు ప్యాడు అట్లాంటిది. అరగవలసింది కర్రు. అది అరిగిపోయినా దున్నుతూ పోతే నాగలి దుంపే అరిగిపోతుంది. అప్పుడు ఖర్చు కర్రుతో ఆగదు.

ప్యాడుకు వెనక ఇనుప రేకు, ముందు రాపిడి పదార్థం ఉంటాయి. రేకును వదిలి, ఆ పదార్థం ఒక్కటే కొలవాలి. మూడు మిల్లీమీటర్లకు దిగిందంటే మార్చవలసిందే. సుమారుగా రెండు రూపాయి బిళ్లలు ఒకదానిపై ఒకటి పెట్టినంత మందం అన్నమాట. బయటి ప్యాడు ఒక్కటే చూసి సంతోషపడకండి. క్యాలిపరు బిగుసుకుంటే లోపలిది ముందే అరిగిపోతుంది. కొన్ని ప్యాడ్లకు చిన్న రేకు ముక్క ఉండి, అరుగుదల హద్దుకు వచ్చినప్పుడు కీచుమంటుంది. అన్నిటికీ ఉండదు గనుక చప్పుడు కోసం కాచుకు కూర్చోవద్దు. గరగరమని ఇనుము ఇనుమును రాసే చప్పుడు వచ్చిందంటే డిస్కు పాడవుతున్నట్టే.

డిస్కు సంగతి ప్రతిసారీ పేచీకి వస్తుంది. "గీతలు పడ్డాయి, మార్చేయండి" అంటాడు ఒక మెకానిక్కు. "ఇంకో ఏడాది నడుస్తుంది" అంటాడు మరొకరు. ఇద్దరి మాటా వదిలి డిస్కునే అడగండి. చాలా డిస్కుల మీద కనీస మందం అంకె పోసి ఉంటుంది; అక్కడ లేకపోతే బండి పుస్తకంలో చూడాలి. కొలవడానికి మైక్రోమీటరు మేలు. అంచున అరగని గట్టు మిగిలి ఉంటుంది. వెర్నియరు దవడలు ఆ గట్టుకు తగిలితే లేని మందం ఉన్నట్టు చూపిస్తుంది. నాలుగైదు చోట్ల కొలిచి తక్కువ అంకెను తీసుకోండి. ఆ హద్దుకు దిగితే డిస్కు మార్చాలి. హద్దుకు దగ్గరలో ఉన్నా, కొత్త ప్యాడ్లు అరిగేలోపు అది హద్దు దాటుతుంది గనుక ఇప్పుడే మార్చడం తెలివి. అంచుదాకా చీలిక ఉంటే కొలత అవసరమే లేదు. బ్రేకు వేసినప్పుడు పెడలు కాలి కింద అదురుతుంటే లేతు పట్టించవచ్చు, అయితే పట్టించిన తరువాత కూడా మందం హద్దుకు పైన ఉండాలి. ప్యాడ్లయినా డిస్కులయినా ఎడమా కుడీ కలిపి మార్చాలి. ఒకవైపే మార్చితే బండి పక్కకు లాగవచ్చు.

డ్రమ్ముకు లెక్క తలకిందులు. లోపల అరిగి వెడల్పవుతుంది గనుక దాని మీద ఉండేది గరిష్ఠ వ్యాసం. పెద్ద లారీల లైనర్లు రివిట్ల తలల దాకా రాకముందే మార్చించండి.

ఘాటీ దిగేటప్పుడు డీజిలు కలిసివస్తుందని న్యూట్రలులో వదలడం నేను చూశాను. ఆ ఆదా బ్రేకుల నెత్తిన పడుతుంది. వేడెక్కిన ప్యాడు పట్టు సడలిపోతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. చిన్న గేరులో దిగాలి. మాడు వాసన వస్తే బండి ఆపి చల్లారనివ్వాలి గాని నీళ్లు కొట్టవద్దు. కాలిన ఇనుము బీటలువారుతుంది.

గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. గానుగలు ఆడే రోజులు రాకముందే, టైరు విప్పిన ప్రతిసారీ ప్యాడు కొలిచి తారీకుతో ఒక పుస్తకంలో రాసుకొమ్మని బండ్ల వాళ్లకు చెప్పండి. రెండు కొలతలుంటే నెలకు ఎంత అరుగుతున్నదో వారికే తెలిసిపోతుంది. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదవద్దనీ చెప్పండి, ఊపిరితిత్తులకు చేటు.

కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టనును వెనక్కు నొక్కుతారు. అందువల్ల మొదటిసారి తొక్కితే పెడలు నేలకు పోతుంది. షెడ్డులో నుంచి బండి కదలకముందే నాలుగైదుసార్లు తొక్కి, పెడలు గట్టిపడిందని చూసుకున్న తరువాతే గేరు వేయండి.