అయ్యగారి ముందుకు వచ్చే ప్రశ్నలు

గృహప్రవేశానికీ, పెండ్లికీ హిందూ కుటుంబాలవారు పురోహితుణ్ణి పిలిచినట్లే, క్రైస్తవ కుటుంబాలవారు తమ ఇంటి శుభాశుభాలకు పాస్టరుగారిని పిలుస్తారు. తెలుగు సంఘాలలో ఆయన అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. ఆదివారంనాటి ప్రసంగం బాగున్నదా, పొడుగైనదా అని ఇంటికి వచ్చి చర్చించుకుంటాము గాని, సోమవారం మొదలు శనివారం దాకా ఆయనకు ఎదురయ్యే చిక్కులను గురించి ఎవరమూ ఆలోచించము. మన సమాజంలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నవి. తక్కినవారికి వారు ఇరుగుపొరుగులే గదా! కాబట్టి ఈ సంగతి అందరికీ పనికివస్తుందని తలచి నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటి చిక్కు భాష. తెలుగువారు పొట్ట చేత పట్టుకొని ఏ దేశం వెళ్ళినా వారి వెంట తెలుగు ఆరాధన కూడ వెళ్ళింది. 1903లో జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్తిస్టు సంఘాలు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపగా, ఆయన అక్కడి తెలుగు కూలీల మధ్య సేవ చేశారు. అంతకు ముందే, బెంగాలీ వంశంలో పుట్టి పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తెలుగులో కీర్తనలు వ్రాశారు. అవి నేటికీ మన గుడులలో పాడుతున్నారు. పరాయి వంశంవాడు మన భాషలో పాటలు కట్టగా, మన పిల్లలు ఆ పాటల పుస్తకం విప్పి చదువలేకుండా ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో కన్నడమో, అరవమో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుతారు.

పెద్దలకు రాగతాళాలతో కీర్తన కావాలి. కుర్రవాళ్ళకు గిటారు కావాలి, ఇంగ్లీషు పాట కావాలి. ఇద్దరూ అయ్యగారినే అడుగుతారు. కొందరు తెలుగు పాటలనే స్థానిక లిపిలో అచ్చు వేయమంటారు. కన్నడ లిపిలో ఇది బాగానే సాగుతుంది. అరవ లిపిలో క, గ అక్షరాలకు భేదం లేదు కనుక ఉచ్చారణ చెడుతుంది. నోరు మూసుకొని కూర్చోవడం కంటె ఏ లిపిలోనైనా చూచి పాడడం మేలే. కాని, కన్నడం చదివే పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడడానికి ఎన్నో నెలలు పట్టదు. ఆదివారపు బడి తరువాత అరగంట చాలును. ఆ అరగంట కూర్చోవలసినది అయ్యగారు కాదు. తెలుగు చదువను వచ్చిన మన ఇంటి పెద్దలు.

రెండవ చిక్కు పెండ్లిళ్ళు. కులాంతర, మతాంతర వివాహాలు నేడు కొన్ని కుటుంబాలలో ఉన్నవి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరులలో ఒకరు క్రైస్తవులైతే ఆ చట్టం క్రింద పెండ్లి జరుపవచ్చును. కాని అనేక సంఘాల నియమాలలో ఇద్దరూ బాప్తిస్మం పొంది ఉండాలని ఉంటుంది. అటువంటి జంటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది. రిజిస్ట్రారుకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇయ్యాలి. మనవాళ్ళు చేసేదేమంటే, శుభలేఖలు అచ్చు వేయించి, హాలుకు బయానా ఇచ్చి, ఆ తరువాత అయ్యగారి వద్దకు వస్తారు. ఆయన కాదంటే కఠినుడు, అవునంటే నియమం తప్పినవాడు. ముందుగా వెళ్ళి అడిగితే, ఏది కుదురుతుందో ఏది కుదరదో ఆయనే నిదానంగా చెప్పగలడు.

మూడవది ఇంటింటికీ తిరిగేటప్పుడు చెవిన పడే సంగతులు. అప్పులు, తాగుడు, మొగుడూ పెళ్ళాల కొట్లాటలు, అన్నీ ఆయనకే చెబుతారు. కమిటీలో చెబితే చెప్పుకున్నవారి పరువు పోతుంది. చెప్పకపోతే ఆ బరువు ఆయన ఒక్కడే మోయాలి. అయితే దాచడానికీ హద్దు ఉన్నది. దెబ్బలు తిన్న ఇల్లాలు వచ్చి ఏడిస్తే, "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేసుకో" అని పంపివేస్తే చాలదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. దాని క్రింద రక్షణాధికారులు ఉన్నారు. ప్రార్థన చేసిన తరువాత ఆమె వెంట అక్కడికి వెళ్ళడం కూడ కాపరి పనియే అని మా అభిప్రాయం. ఆనాడు సంఘ పెద్దలు ఆయన ప్రక్కన నిలబడాలి. భర్త తరఫు బంధువులమని ముఖం చాటు చేసుకోరాదు.

నాలుగవది ఆయన సొంత ఇల్లు. సంఘం జీతం ఇచ్చేది ఒక్కరికి. పని చేయించుకునేది ఇద్దరి చేత. స్త్రీల సమాజం నడిపేది అమ్మగారు, ఆదివారపు బడి చూచేది అమ్మగారు, వచ్చిన పదిమందికీ కాఫీ కాచేది అమ్మగారు. ఆమెకు ఇష్టమేనా, ఓపిక ఉన్నదా అని అడిగినవారు తక్కువ. దక్షిణ ఇండియా సంఘంలో 1976 నుండి స్త్రీలకు గురు అభిషేకం ఇస్తున్నారు. 2013లో ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాల బిషప్ అయినారు. పాస్టరు స్త్రీ అయిన చోట, "మీ వారు స్త్రీల సమాజానికి కాఫీ కాస్తారా?" అని మనం అడుగుతామా? అడుగము. మరి అమ్మగారిని మాత్రం అడుగకుండానే పనికి పెట్టడం న్యాయమా?

పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇతరుల పిల్లవాడు సినిమాకు పోతే సరదా. అయ్యగారి పిల్లవాడు పోతే వార్త. బదిలీలు జరిగే సంఘాలలో తండ్రికి ఊరు మారినప్పుడల్లా పిల్లలకు బడి మారుతుంది, ఒక్కొక్కప్పుడు చదివే భాష కూడ మారుతుంది. ఉన్న ఇల్లు సంఘానిది గనుక, పదవి విరమించిన నాడు తాళంచెవి అప్పగించి బయటికి నడవాలి.

మాది గుమాస్తా ఉద్యోగం. పై అధికారి ఎంత కోపిష్టి అయినా మాకు పని గంటలున్నవి, వారానికి ఒక సెలవు ఉన్నది, నెలాఖరు జీతం ఉన్నది, పించను ఆశ ఉన్నది. అర్ధరాత్రి ఎవరికి జబ్బు చేసినా మా తలుపు తట్టరు. పాస్టరుగారి తలుపు తడతారు. తట్టవలసినదే. ఆయన ఆ పనికే వచ్చారు. కాని ఆ రాత్రి మేలుకున్న మనిషికి మరునాడు పగలు విశ్రాంతి దొరకాలని మనకు తోచకపోవడం సరికాదు.

అయ్యగారు తనకై తాను ఇవి నోరు తెరిచి అడుగలేరు. అడిగితే సేవ కాదు, జీతపు పని అంటారు. కాబట్టి సంఘమే అడుగకుండా చేయవలసిన పనులు మూడు. వారంలో ఒక దినం ఆయనదీ, ఆయన పిల్లలదీ అని నిర్ణయించి, చావుబ్రతుకుల సమయంలో తప్ప ఆనాడు ఎవరూ పిలువకూడదు. గోడలకు సున్నం వేయించడానికి ముందు, ఆయన జీతం, పించను చందా కట్టాలి. అమ్మగారికి ఏ పని అప్పగించినా, ముందు ఆమెను అడిగి, ఆమె వద్దంటే మళ్ళీ అడుగకూడదు.

మీ సంఘంలో రాబోయే కమిటీ సమావేశానికి ఈ మూడూ వ్రాసి ఇయ్యండి. చర్చ జరిగేటప్పుడు అయ్యగారిని బయటికి పంపి, తీర్మానం వ్రాసిన తరువాత లోపలికి పిలవండి.