వేపచెట్టు: మందెంత, విషమెంత

తొలకరి పడుసరికి వేపపండ్లు రాలును. గింజల నేరి గానుగ కిచ్చి నూనె తీయించుకొనువారు మన సభ్యులలో పెక్కురు కలరు. కావున ఈ నెల వేపనుగూర్చి, ముఖ్యముగా నూనెనుగూర్చి వ్రాయుచున్నాము.

వేపపుల్లతో పండ్లు తోముకొనుట మంచి యలవాటే. ఉగాదిపచ్చడిలోని పూవువలన నెవ్వరికిని కీడు లేదు. ఆకు కాచిన నీటితో గజ్జి, తామర కడుగుటయు వాడుకయే. అయినను జ్వరము తగ్గనప్పుడు ఆకును నమ్ముకొని వైద్యుని కడకు పోవుట మానరాదు. మధుమేహమునకు మాత్రలు మ్రింగువారు ఆకురసము కూడ త్రాగినచో రక్తములోని చక్కెర మితిమీరి దిగజారవచ్చును.

గింజనూనె సంగతి వేఱు. పసిబిడ్డకు దగ్గు వచ్చిన, కడుపు నొచ్చిన ఉగ్గుగిన్నెతో వేపనూనె పోయు ఆచారము కొన్ని యిండ్ల నింకను కలదు. ఇది తక్షణము మానవలెను. ఇట్లు నూనె పోయఁబడిన శిశువులనుగూర్చి మలేషియా వైద్యులు 1981లో ప్రకటించిరి. కొన్ని గంటలలోనే వాంతులు, మగత, వేగమైన ఊపిరి, పిదప మూర్ఛలు కనఁబడును. కాలేయమునకును మెదడునకును హాని కలుగును. ప్రాణము పోవుటయు కలదు. “మా యవ్వ పోసినది, మాకేమైనది?” అని యడుగువారు కలరు. అవ్వ పోసిన నూనెయు నేఁటి నూనెయు నొక్కటి కావు. గింజనుబట్టి, గానుగనుబట్టి నూనె మాఱును. తడిసి బూజుపట్టిన గింజలో వేఱు విషములును చేరును. పొరపాటున బిడ్డ త్రాగినచో ఉప్పునీరు పోసి వాంతి చేయింపరాదు. నూనె ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. సీసాతోఁగూడ వెంటనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను. గర్భిణులును, సంతానము కోరువారును నూనె త్రాగరాదు.

తురకవేపను వేపగా పొరపడుట మఱియొక చిక్కు. దాని పూవు ఊదావన్నెది, ఆకు చీలికలు మఱల చీలియుండును. గుండ్రని పండ్లు ఆకు రాలిన పిదపను గుత్తులుగా వ్రేలాడును. ఆ పండ్లు మనుష్యులకును పందులకును విషము. పిల్లలకు చెట్టును చూపి చెప్పుట మేలు.

ఇంత చేఁదు పొలమున మనకు మేలే. 1959లో సూడానులో మిడుతలదండు తక్కిన పచ్చదనమంతయు తినియు వేపను ముట్టలేదు. అయిదు కిలోల పప్పుపొడిని పది లీటర్ల నీట రాత్రియంతయు నానవేసి, వడకట్టి, నూఱు లీటర్లు చేసి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. ఎండకు మందు సారము చెడును గనుక ప్రొద్దుట చల్లిన ఫలము తక్కువ. చల్లువారు కన్నులఁ బడకుండ చూచుకొనవలెను. యూరియాకు వేపనూనె పూఁత 2015నుండి మన దేశమున తప్పనిసరి యైనది; అందుచే నత్రజని మెల్లగా కరగి పైరు కందును.

గింజను గుజ్జు కడిగి, నీడన నారఁబెట్టి, గోనెసంచులలో నుంచవలెను. ప్లాస్టికు సంచులలో చెమ్మపట్టి బూజు వచ్చును. నూనెసీసాపై పేరు వ్రాసి, వంటనూనెల ప్రక్క గాక, పురుగుమందులతోఁబాటు పిల్లల చేతి కందనిచోట పెట్టవలెను.